1024 వాట్ అవర్ల పవర్ స్టేషన్: భీమిలి తోటలో మూడేళ్ల వాడకం

భీమిలి దాటాక మాకున్న జీడిమామిడి తోటకు ఇంకా కరెంటు లైను రాలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడినప్పుడు విశాఖలో రోజుల తరబడి చీకట్లో గడిపిన కుటుంబం మాది కనుక, మూడేళ్ల కిందట 1024 వాట్ అవర్ల పోర్టబుల్ పవర్ స్టేషన్‌నూ (బ్యాటరీ, ఇన్వర్టర్ కలిసి ఉండే, మోసుకెళ్లగల పెట్టె), 200 వాట్ల సోలార్ ప్యానెల్‌నూ తోట కోసమే కాక తుఫాను రోజుల కోసం కూడా కొన్నాను. రెండింటికీ పనికొస్తోంది, కానీ పెట్టె మీది అంకెను నమ్మి వేసిన లెక్కలన్నీ మళ్లీ వేసుకోవలసి వచ్చింది.

230 వోల్టుల సాకెట్ నుంచి మీటరులో నాకు కనిపించింది కొత్తలోనే 850 వాట్ అవర్లు. మిగిలింది డీసీని ఏసీగా మార్చడంలో వేడిగా పోతుంది. అంతకంటే బాధ కలిగించింది, ఏ పరికరమూ పెట్టకపోయినా ఇన్వర్టర్ తీసుకునే 12 వాట్లు. పది గంటల రాత్రికి అది 120 వాట్ అవర్లు, అంటే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను నాలుగు గంటలు తిరిగేంత. అందుకే దీపాలనూ, ఫోన్లనూ 12 వోల్టుల, యూఎస్‌బీ సాకెట్లకు మార్చి, ఫ్యాను అక్కర్లేని చలికాలపు రాత్రుల్లో ఇన్వర్టర్‌ను పూర్తిగా ఆపేస్తున్నాను.

బ్యాటరీ పెద్దదైతే చాలనుకోవడం నా పొరపాటు. నా యంత్రం సోలార్ నుంచి 200 వాట్లకు మించి తీసుకోదు, 60 వోల్టులు దాటనివ్వకూడదు. ప్యానెల్ మీద రాసిన 200 వాట్లు అది 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటి మాట. మన ఎండకు కాగిన ప్యానెల్ మార్చి మధ్యాహ్నం కూడా 150 దాటలేదు. శ్రావణంలో మబ్బు పట్టిన రోజున పొద్దంతా కలిపి 250 వాట్ అవర్లు వస్తే గొప్ప. అలాంటిదే మరో ప్యానెల్‌ను సిరీస్‌లో, అంటే వోల్టులు కూడేలా కలిపాను. ఒక్కోటి దేనికీ కలపనప్పుడు (ఓపెన్ సర్క్యూట్) చూపేది 24 వోల్టులు. మూడోది కలిపితే 72 వోల్టులవుతుంది, ఎవరూ ఆ పని చేయకూడదు. నడి మధ్యాహ్నం రెండో ప్యానెల్ శక్తిలో సగానికి పైగా వృథాయే అయినా, ఉదయం పూటా, మబ్బుల్లోనూ రాబడి దాదాపు రెట్టింపయింది.

మొదటి మే నెలలో రేకుల కప్పు కింద చార్జింగ్ ఆగిపోతే యంత్రం చెడిందని కంగారుపడ్డాను. సెల్స్ 45 డిగ్రీలు దాటితే అది తనంత తానే ఆపుకుంటుందట. నీడపట్టున నేల మీదికి మార్చాక ఆ ఇబ్బంది రాలేదు. అర హార్స్‌పవర్ మోటారును మాత్రం నడపలేదు, స్టార్టయ్యే క్షణంలోనే ఓవర్‌లోడ్ చూపి ఆగింది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ గురించి ఫిర్యాదు లేదు. మూడేళ్ల తరువాత కూడా 820 ఇస్తున్నాయి. తుఫాను హెచ్చరిక రాగానే నిండుగా చార్జ్ చేసి నగరంలోని ఇంటికి తెస్తాను. ఒక ఫ్యాను, రౌటరు, రెండు దీపాలు సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఏడు వరకు నడుస్తాయి. మబ్బు విడిచేదాకా ప్యానెల్ సాయం ఉండదు కనుక ఫ్రిజ్‌ను ఆ లెక్కలో చేర్చను.