లిఫ్ట్ కిట్ వేయించేవారికి జాగ్రత్త: పాత స్ప్రింగులు మీ చేతికి రాకపోతే అనుమానించండి

పెద్ద ఎస్‌యూవీని ఎత్తు పెంచి, (దానికి బిగించే సామానే లిఫ్ట్ కిట్) పెద్ద టైర్లు వేయించాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. బెంగళూరులోని ఒక యాక్సెసరీల దుకాణంలో నేను మోసపోయాను. వివాదం ఇంకా తేలలేదు కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. ఆ మోసం ఎలా జరిగిందో మాత్రం వివరంగా చెబుతాను.

నా బండి టొయోటా ఫార్చ్యూనర్, ఫోర్ బై ఫోర్. నెలకు రెండుసార్లు మదనపల్లె దగ్గర ఉన్న మా తోటకు వెళ్లివస్తాను. తారురోడ్డు దిగాక తోటదాకా ఉన్న బాట వానాకాలంలో గాడులు పడి, నడిమి మిట్ట బండి అడుగుకు తగులుతుండేది. రెండంగుళాలు పెరిగితే చాలుననుకున్నాను. దుకాణదారు చక్కటి తెలుగులో, "అన్నా, స్ప్రింగులు, షాకులు అన్నీ కొత్తవే, ఫుల్ కిట్టు, సాయంత్రానికి బండి తీసుకెళ్లొచ్చు" అన్నాడు. కిట్టుకు 85,000 రూపాయలు, 285/65 ఆర్18 టైర్లు నాలుగింటికి 1,04,000 రూపాయలు తీసుకుని, నా పాత 265/60 ఆర్18 టైర్లను ఉంచుకుని 12,000 తగ్గించాడు. బిల్లులో "సస్పెన్షన్ ఐటమ్స్, ఒక సెట్టు" అని ఉందే తప్ప తయారీ కంపెనీ పేరు గాని, పార్ట్ నంబరు గాని లేవు. విప్పిన పాత స్ప్రింగులు, షాకులు ఏవని అడిగితే, "పాత ఇనుము మీకెందుకన్నా, మేమే పారేశాం" అన్నాడు. ఆ మాట నమ్మడమే నేను చేసిన అసలు తప్పు.

రెండో వారం నుంచే హంపు దిగిన ప్రతిసారీ ముందు చక్రాల దగ్గర ఠక్కుమని మోత మొదలైంది. హోస్కోటె దాటి వేగం పెంచితే స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉండేది. మలుపు తిరిగాక దానంతట అది నడిమికి వచ్చేది కాదు. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు చక్రం గూడులోని ప్లాస్టిక్ లైనర్‌ను రాసుకునేది. దుకాణానికి రెండుసార్లు వెళ్లాను. "కొత్తది కదా, సెట్ అవుతుంది" అని రెండుసార్లూ పంపించేశాడు. సెట్ కావడానికి అదేమైనా కొత్త చెప్పుల జతా? నాలుగు వేల కిలోమీటర్లకే ముందు టైర్లు ఒక అంచున అరిగిపోయాయి.

చివరకు వేరొక చోట అలైన్‌మెంట్‌కు తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ నన్ను బండి కిందికి పిలిచి లైటు వేసి చూపించాడు. నాలుగు స్ప్రింగులూ బండితో వచ్చిన కంపెనీవే, నాలుగు షాకులూ కంపెనీవే. ముందు స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసి ఉన్న భాగం) పైన ఒక అల్యూమినియం బిళ్ల, వెనుక స్ప్రింగ్ మీద ఒక ప్లాస్టిక్ బిళ్ల బిగించి ఉన్నాయి. అసలు విప్పనే లేదు గనుక పారేయడానికి పాత సామాను ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ బిళ్లనే స్పేసర్ అంటారు. ముందు సస్పెన్షన్‌లో స్ట్రట్ కింది కొస, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ మధ్య భాగంలో బిగించి ఉంటుంది కాబట్టి, పైన సుమారు అంగుళం మందం పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాల ఎత్తు వస్తుంది. చౌకగా పని అయిపోతుంది. అయితే చక్రం కిందికి జారినప్పుడు కంపెనీ నిర్ణయించిన హద్దును దాటి జారుతుంది. అప్పుడు బాల్ జాయింట్, ముందు యాక్సిల్ జాయింట్లు విపరీతమైన కోణంలోకి వెళ్తాయి. నా ఎడమవైపు యాక్సిల్ బూటు, అంటే జాయింటును కప్పే రబ్బరు తొడుగు, చిరిగి గ్రీజు రిమ్ము లోపలంతా చిమ్మింది. వెనుక బ్రేకు గొట్టం బిర్రుగా లాగి ఉంది. మలుపు తర్వాత స్టీరింగ్‌ను నడిమికి తెచ్చే క్యాస్టర్ కోణం రెండు వైపులా హద్దులోకి రాలేదు; ఇంత ఎత్తుకు దానిని సరిచేయాలంటే పై కంట్రోల్ ఆర్ములే మార్చవలసి రావచ్చునని ఆ మెకానిక్ చెప్పాడు. ఈ మాట అమ్మినవాడు నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

టైర్ల లెక్క కూడా నేను ముందుగా వేసుకోలేదు. పాతవాటి వ్యాసం సుమారు 775 మిల్లీమీటర్లు, కొత్తవాటిది 828. తేడా రెండంగుళాలు కనుక బండి మరో రెండంగుళాలు లేస్తుందని దుకాణదారు లెక్కగట్టాడు. నేల నుంచి పెరిగేది అందులో సగమే, అంటే 26 మిల్లీమీటర్లు. మునుపు మీటరు 100 చూపిస్తే ఫోనులో జీపీఎస్ వేగం 96 వచ్చేది. పెద్ద టైర్లు వేశాక 102 దాటేది. చింతామణి దగ్గర పంక్చర్ అయినప్పుడు మరో సంగతి తెలిసింది. స్టెప్నీ పాత కొలతదే. ఒకే యాక్సిల్ మీద ఇంత తేడా ఉన్న చక్రాలతో నడిపితే రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ మీద ఎడతెగని భారం పడుతుంది. పాత టైర్లను మార్పిడికి ఇచ్చేసినందుకు మళ్లీ అదే కొలత సెట్టు కొనవలసి వచ్చింది.

చట్టం విషయంలో తప్పు నాదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. "అందరూ వేయిస్తున్నారు" అన్న దుకాణదారు మాట ఆర్టీవో దగ్గర చెల్లదు. చిరిగిన బూటుకు వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ వారు చెప్పారు, వారిని తప్పుపట్టలేను. బీమా సంస్థకు తెలియజేయని మార్పు ఉంటే, ప్రమాదం జరిగిననాడు క్లెయిమ్‌కు చిక్కు వచ్చే అవకాశం ఉంది.

స్పేసర్లు తీయించి, బూటు మార్పించి, బండిని పాత ఎత్తుకే తెచ్చుకున్నాను. చెప్పిన వస్తువు ఒకటి, బిగించినది వేరొకటి కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు సిద్ధమవుతున్నాను. దీనికి రెండేళ్ల గడువు ఉంటుంది. విప్పిన బిళ్లలను, మెకానిక్ తీసిన ఫోటోలను, అలైన్‌మెంట్ కాగితాన్ని భద్రపరిచాను. బిల్లులో పార్ట్ నంబర్లు లేకపోవడమే ఇప్పుడు నాకు పెద్ద అడ్డంకిగా ఉంది.

ఇప్పటికే ఎక్కడైనా లిఫ్ట్ వేయించుకున్నవారు ఈ వారమే ముందు చక్రం పక్కన కూర్చుని, స్టీరింగ్ ఒకవైపు తిప్పి, టార్చితో స్ట్రట్ పైభాగం చూడండి. స్ప్రింగ్ కంపెనీదే అయి, దాని నెత్తిన మందపాటి బిళ్ల కనిపిస్తే, యాక్సిల్ బూట్లనూ బ్రేకు గొట్టాలనూ పరీక్ష చేయించే వరకు హైవే ఎక్కకండి.