టెస్టోస్టెరాన్: క్యాప్సూలా, ఇంజెక్షనా? రెండూ వాడాక నా మాట

ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తక్కువై ఏళ్ల తరబడి రెండూ వాడాను కాబట్టి ముందే చెప్పేస్తాను: నాకు ఇంజెక్షనే నయమనిపించింది. అలాగని మాత్రలతో లివర్ పాడవుతుందన్న భయంతో మానలేదు. ఆ మాట పాత రకం మాత్ర మిథైల్‌టెస్టోస్టెరాన్ గురించి వచ్చింది. ఇప్పటి క్యాప్సూల్స్‌లో ఉండేది టెస్టోస్టెరాన్ అండెకనోయేట్. తిన్న కొవ్వుతో పాటు పేగుల్లోంచి లింఫ్ నాళాల్లోకి పోయి, అక్కణ్నుంచి రక్తంలో కలుస్తుంది. అలా చాలావరకు లివర్‌ను తప్పించుకుంటుంది.

నాకు చిక్కంతా ఆ కొవ్వుతోనే. రోజుకు రెండు పూటలా తిండితోనే వేసుకోవాలి. నేను వాడిన రకానికైతే ఆ తిండిలో కాస్త కొవ్వు ఉండి తీరాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. పొద్దున సరిగా తినని నాలాంటివాడికి ఇది రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పనే. పైగా మందు గంటల్లో ఎక్కి గంటల్లోనే దిగిపోతుంది. రక్త పరీక్ష మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకు చేశారన్నదాన్ని బట్టి రిపోర్టులో అంకె మారిపోతుంది. ఒకే నెలలో ఒక రిపోర్టు బ్రహ్మాండంగా, ఇంకోటి నీరసంగా వస్తే ఏది నమ్మాలి? బీపీ సంగతి వేరే. అమెరికాలో 2019లో అనుమతి పొందిన కొత్త రకం క్యాప్సూల్ మీద బీపీ పెరగొచ్చన్న తీవ్ర హెచ్చరిక ఉంటుంది. నాకూ పెరిగింది, కొద్దిగానే అయినా డాక్టర్ తేలిగ్గా తీసుకోలేదు.

తర్వాత టెస్టోస్టెరాన్ సిపియోనేట్ అనే ఇంజెక్షన్‌కు మారాను. మొదట రెండు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు. వేయించుకున్న రెండు మూడు రోజులు ఉత్సాహం పొంగేది, నిద్ర తక్కువ, మాటలో దూకుడు ఎక్కువ. రెండో వారం సగానికి వచ్చేసరికి గాలి తీసిన టైరులా అయిపోయేవాణ్ని. చిన్నదానికే విసుగు, కోరిక కూడా తగ్గేది. ఇంట్లోవాళ్లు నా మూడ్ చూసి ఇంజెక్షన్ రోజు దగ్గరపడిందని కనిపెట్టేవాళ్లు. మందులో లోపమేమీ లేదు, అంత మోతాదు ఒకేసారి ఎక్కించడం వల్లే ఈ ఎగుడుదిగుడు. డాక్టర్ దాన్నే సగం చేసి వారానికోసారి ఇవ్వడం మొదలుపెట్టాక ఆ తేడా దాదాపు పోయింది. తొడలో నేనే వేసుకుంటాను. మొదట్లో చెయ్యి వణికింది, ఇప్పుడు షేవింగ్‌కు పట్టినంత టైం కూడా పట్టదు. పరీక్షకు రెండు ఇంజెక్షన్ల మధ్య రోజున వెళ్తాను, అంకెలు కూడా నమ్మదగ్గట్టే వస్తున్నాయి.

పది నుంచి పద్నాలుగు వారాలకోసారి చేసే 1000 మిల్లీగ్రాముల అండెకనోయేట్ ఇంజెక్షన్ కూడా ఉంది. 4 మిల్లీలీటర్ల నూనె మందు, పిరుదు కండరంలోకి మెల్లగా ఎక్కిస్తారు. అరుదుగా ఆ నూనె ఊపిరితిత్తులకు చేరి వెంటనే దగ్గు, ఆయాసం రావచ్చు, అందుకే కాసేపు అక్కడే కూర్చోబెడతారు. నేను అటు వెళ్లలేదు. ఏదైనా తేడా వస్తే అంత మందును వెనక్కి తీయలేం కదా.

ఇంజెక్షన్‌తో నా అసలు టెన్షన్ హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. మందుతో ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది. క్యాప్సూల్స్‌తోనూ పెరగొచ్చు గానీ ఇంజెక్షన్లతో ఎక్కువ. 54 శాతం దాటితే మందు ఆపేయమంటారు. నాది ఆ గీత దగ్గరికి వెళ్లింది. డాక్టర్ మోతాదు తగ్గించి, గురక ఉందా అని అడిగి, నిద్రలో ఊపిరి ఆగినా రక్తం చిక్కబడుతుందని దానికీ పరీక్ష రాశారు. దాంతోపాటు పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్త పరీక్ష) కూడా చూస్తుంటారు.

ఏ రూపంలో తీసుకున్నా వీర్యకణాల తయారీ తగ్గిపోతుంది. బయటి నుంచి హార్మోన్ అందగానే మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం మానేస్తుంది. త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లకు సాధారణంగా ఈ మందే రాయరు, వేరే మందులు చూస్తారు. లక్షణాలుండి, రెండు వేర్వేరు రోజుల్లో పొద్దుటి పరీక్షలు రెండూ తక్కువ చూపితేనే అసలు చికిత్స మొదలవుతుంది. జిమ్‌లో ఎవరో చెప్పారని మొదలుపెట్టడం పూర్తిగా వేరే కథ.

క్యాప్సూల్ ఎవరికి? సూది చూస్తేనే కళ్లు తిరిగేవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడుతూ కండరంలో సూది పొడిపించుకోలేనివాళ్లకు. బీపీ అదుపులో ఉండి, వేళకు తినే అలవాటుంటే వాళ్లకు అది బాగానే కుదరొచ్చు. వద్దనుకుని ఆపితే ఒకట్రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది కూడా, నా ఇంజెక్షన్‌కు మాత్రం వారాలు పడుతుంది.