ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్: ఎక్కువ అమ్ముడైనదే మేలైనదా?

గేమ్ కన్సోల్ కొనాలనుకునేవాళ్లలో చాలామంది ముందు అడిగేది "ఏది ఎక్కువ అమ్ముడవుతోంది?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఎక్కువమంది దగ్గర ఉన్న కన్సోల్‌కే గేమ్‌లు ఎక్కువగా వస్తాయి, కలిసి ఆడే స్నేహితులూ అక్కడే దొరుకుతారు. నేను మాత్రం దాంతోపాటు ఇంకోటి కూడా చూస్తాను: ఆ కంపెనీ ఇప్పుడు ముందుందా, వెనకబడిందా? ఈ రంగంలో అందరికంటే ముందు నిలిచిన కంపెనీకి ఎప్పుడో ఒకప్పుడు కళ్లు నెత్తికెక్కాయి. వెనకబడినప్పుడు అదే కంపెనీ మన దగ్గరకు దిగొచ్చి మంచి బేరం ఇచ్చింది.

సోనీనే తీసుకోండి. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 మొత్తం 15 కోట్లకు పైగా అమ్ముడైంది. డీవీడీ సినిమాలు కూడా చూపించేది కాబట్టి గేమ్‌లు ఆడనివాళ్ల ఇళ్లలోకీ వెళ్లింది. ఆ ఊపులో 2006లో ప్లేస్టేషన్ 3ని తెచ్చి, పెద్ద మోడల్‌కు 599 డాలర్ల ధర పెట్టారు. ఏం పెట్టినా కొంటారులే అన్న ధీమా. అప్పటికే ఏడాది ముందు మార్కెట్లోకి వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360 ధర తక్కువ, దానికి గేమ్‌లు తయారుచేయడం కూడా సులువు. చివరికి 2009లో సోనీ సన్నని మోడల్‌ను 299 డాలర్లకు ఇచ్చింది.

తర్వాత మైక్రోసాఫ్ట్ వంతు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటిస్తూ, అది 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కు కనెక్ట్ కావాల్సిందే అన్నారు. సెకండ్ హ్యాండ్ గేమ్‌లకు షరతులు పెట్టారు. ఆటగాడి కదలికలను పట్టే కినెక్ట్ కెమెరా వద్దన్నా వస్తుంది, ధర 499 డాలర్లు. ప్లేస్టేషన్ 4 ధర 399. అప్పుడు సోనీ ఒక చిన్న వీడియో వదిలింది. ప్లేస్టేషన్‌లో గేమ్‌ను స్నేహితుడితో పంచుకోవడం ఎలా అని శీర్షిక. ఒకాయన గేమ్ డబ్బా పట్టుకుని పక్కాయన చేతిలో పెడతాడు, ఆయన థాంక్స్ చెబుతాడు, వీడియో అయిపోతుంది. ఆ నెల తిరక్కుండానే మైక్రోసాఫ్ట్ ఆ షరతులను వెనక్కి తీసుకుంది. కానీ జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ప్లేస్టేషన్ 4 చివరికి 11 కోట్లు దాటింది. మైక్రోసాఫ్ట్ అయితే 2015 నుంచి కన్సోల్ అమ్మకాల లెక్క చెప్పడమే మానేసింది.

అలా దెబ్బతిన్న మైక్రోసాఫ్టే మనకు మేలు చేసింది. 2015లో పాత 360 గేమ్‌లు కొత్త కన్సోల్‌లో ఆడే వీలు కల్పించింది, చాలావాటికి మళ్లీ డబ్బు కట్టనక్కర్లేకుండా. 2017లో నెలవారీ చందాతో పెద్ద గేమ్‌ల కట్టను చేతికిచ్చే గేమ్ పాస్ తెచ్చింది. అదే సమయంలో ముందున్న సోనీ ఏం చేసిందో చూడండి. 2018 జూన్‌లో ఫోర్ట్‌నైట్ అనే ఆన్‌లైన్ గేమ్ నింటెండో కన్సోల్ స్విచ్‌కు వచ్చినప్పుడు, అంతకుముందు ప్లేస్టేషన్‌లో వాడిన ఖాతాతో స్విచ్‌లో లాగిన్ కాబోతే కుదరలేదు. ఖాతా నాది, గేమ్‌లో నా పాత్రకు కొన్న డ్రెస్సులు నావి, అయినా తలుపు మూసేశారు. ఆటగాళ్లు గట్టిగా గొడవ చేశాక, సెప్టెంబరులో సోనీ దిగొచ్చి వేరే కన్సోళ్లవాళ్లతో కలిసి ఆడనిచ్చింది. పోటీ లేకపోతే వాళ్లు ఆడింది ఆట, పాడింది పాట. నాకు దీనిమీద ఇప్పటికీ కోపమే.

ఇక నేటి సంగతి. 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ కొద్ది రోజుల తేడాతో వచ్చాయి. గ్రాఫిక్స్ శక్తి కాగితం మీద ఎక్స్‌బాక్స్‌కు 12 టెరాఫ్లాప్స్ (లెక్కలు చేసే వేగానికి కొలత), ప్లేస్టేషన్‌కు 10.28. సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకు ఆ తేడా దాదాపు తెలియదు. చేతికి తెలిసే తేడా వేరే ఉంది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌తో గేమ్‌లో విల్లు ఎక్కుపెడితే, ట్రిగ్గర్ వేలికి ఎదురుతిరుగుతుంది. లాగేకొద్దీ బిగుసుకుంటుంది, బాణం వదలగానే చప్పున తేలికవుతుంది. కొన్ని గేమ్‌లే దీన్ని బాగా వాడుకున్నాయి, కానీ వాడుకున్నచోట మాత్రం అద్భుతం.

మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో గేమ్‌లు తయారుచేసే యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని దాదాపు 6,900 కోట్ల డాలర్లకు కొంది. అంత పెట్టాక గేమ్‌లన్నీ తన దగ్గరే దాచుకుంటుందని చాలామంది భయపడ్డారు. జరిగింది వేరు: 2024 నుంచి తన సొంత గేమ్‌లనే ప్లేస్టేషన్‌లోనూ స్విచ్‌లోనూ అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాళ్లకు మంచిదే. అయితే అవే గేమ్‌లు పక్క కన్సోల్‌లో దొరుకుతుంటే ఎక్స్‌బాక్స్ పెట్టె ఎందుకు కొనాలి? పైగా 2025 అక్టోబరులో గేమ్ పాస్ అల్టిమేట్ చందాను అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుంచి 29.99కి పెంచేశారు. చవక అన్న పేరే దాని బలం, అదే పోయింది.

నింటెండోది వేరే దారి. దాని వీ (Wii) కన్సోల్ అమ్మకాలు 10 కోట్లు దాటితే, తర్వాత వచ్చిన వీ యూ (Wii U) 1.4 కోట్లు కూడా చేరలేదు. అంత దెబ్బ తిన్నాక 2017లో స్విచ్‌తో లేచి 15 కోట్లు దాటింది. శక్తిలో పోటీ పడలేదు, వాడే తీరు మార్చింది. టీవీకి పెట్టుకోవచ్చు, చేత్తో పట్టుకుని మంచం మీదా ఆడుకోవచ్చు. పక్కనున్న చెల్లి "నేనూ ఆడతా" అంటే, కంట్రోలర్‌లో సగం ఊడదీసి ఇస్తే చాలు. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడైంది. గెలుపు మత్తు ఇక్కడా కనిపిస్తోంది: మారియో కార్ట్ వరల్డ్ అనే గేమ్ ధర 80 డాలర్లు, కొన్ని కార్ట్రిడ్జ్‌లలో గేమే ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది, గేమ్‌ను డౌన్‌లోడ్ చేసుకోవాలి. నింటెండో సొంత గేమ్‌ల ధరలు ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గవు, ఇది లెక్కలో వేసుకుని కొనండి.

ఇంతకీ ఏది కొనాలి? చిన్నపిల్లలున్న ఇల్లయితే, నలుగురూ ఒకేచోట కూర్చుని ఆడేట్టయితే స్విచ్ 2. నింటెండో సొంత గేమ్‌లు మారియో, జెల్డా మరెక్కడా దొరకవు. ఎక్స్‌బాక్స్ పాత గేమ్‌లు అలమారా నిండా ఉన్నవాళ్లకు ఎక్స్‌బాక్సే సరైనది, పాత డిస్కులను అంత బాగా గౌరవించే కన్సోల్ ఇంకోటి లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను దాన్ని చెప్పలేను. చెప్పలేకపోతున్నందుకు బాధగానూ ఉంది, ఎందుకంటే అది తప్పుకుంటే పెద్ద కన్సోళ్లలో సోనీని నిలదీసేవాళ్లు ఉండరు.

ఒకే కన్సోల్ కొని పెద్ద గేమ్‌లన్నీ ఆడాలనుకుంటే ప్లేస్టేషన్ 5. కానీ డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి. డ్రైవ్ లేనిదాంట్లో గేమ్‌లు సోనీ సొంత ఆన్‌లైన్ స్టోర్‌ గుండానే రావాలి, అక్కడ కొన్నది ఎవరికీ ఇవ్వలేం, తిరిగి అమ్మలేం. 2024లో 700 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో అసలు డ్రైవే లేదు, విడిగా కొనుక్కోవాలి. పదేళ్ల కిందట డిస్క్ చేతులు మారడాన్ని చూపించి మార్కులు కొట్టేసిన కంపెనీ ఇదే. గేమ్ అయిపోయాక డబ్బా పట్టుకెళ్లి స్నేహితుడి చేతిలో పెట్టే వీలు, డ్రైవ్ ఉన్నంతవరకే.