గుల్మర్గ్: ఒక్క పూట కాదు, మూడు రాత్రులు ఉండాల్సిన ఊరు

సంక్రాంతి సెలవులకు కశ్మీర్ వెళ్లే మనవాళ్లలో చాలామంది గుల్మర్గ్‌కు ఒక్క పూటే కేటాయిస్తారు. పొద్దున శ్రీనగర్‌లో కారెక్కడం, గొండోలా అనే కేబుల్ కారు ఎక్కి దిగడం, నాలుగు ఫొటోలు తీసుకుని చీకటి పడేలోగా వెనక్కి రావడం. అలా వెళ్తే క్యూలు, బేరాలే గుర్తుంటాయి. మూడు రాత్రులుంటే కాళ్లకు బిగించుకునే పొడవాటి స్కీ పలకల మీద నిలబడి జారడం వచ్చేస్తుంది, ఊరిని నడిపే మనుషులూ తెలుస్తారు.

ముందు కాలం సంగతి. కశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలుగా లెక్కపెడతారు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, ఆ తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, చివరి 10 రోజులు చిల్లై బచ్చా. మన సంక్రాంతి చిల్లై కలాన్ నడిమధ్యలో వస్తుంది. అప్పుడు చలి ఖాయమే గానీ మంచు ఖాయం కాదు. 2024 జనవరిలో చాలా రోజులు ఇక్కడి మైదానాల్లో ఎండుగడ్డే కనిపించింది, గట్టి మంచు నెలాఖరుకు గానీ పడలేదు. స్కీయింగ్ కోసమే వెళ్లేవాళ్లు ఫిబ్రవరి పెట్టుకోవడం మేలు.

శ్రీనగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. అందులో కొండ కిందనున్న టంగ్‌మర్గ్ నుంచి పైకి ఉన్న ఆఖరి 13 కిలోమీటర్లే అసలు పరీక్ష. మంచు పడిన రోజు టైర్లకు గొలుసులు కట్టిన బండినో, నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండినో తప్ప పైకి వదలరు. శ్రీనగర్ టాక్సీ అక్కడే ఆగిపోతే లోకల్ బండికి మళ్లీ డబ్బులు కట్టాలి. అందుకే మాట్లాడుకునేటప్పుడే ‘టంగ్‌మర్గ్ దాకానా, హోటల్ గుమ్మం దాకానా’ అని అడగండి. ఇంకో సంగతి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు. వెళ్లేవాళ్లలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ నంబర్ ఉండాలి.

బస పైన గుల్మర్గ్‌లో దొరికితే అక్కడే తీసుకోండి. సీజన్‌లో ఖరీదెక్కువే, కానీ పొద్దున్నే గొండోలా దగ్గరికి నడిచి వెళ్లొచ్చు. టంగ్‌మర్గ్‌లో చవక, మంచు పడిన రోజు మాత్రం ఘాట్ రోడ్డు మీదే పూట గడిచిపోతుంది. గది ఫొటోలు చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు అడగండి. కరెంటు పోతే జనరేటర్ రాత్రంతా నడుస్తుందా? వేడినీళ్లు కుళాయిలో వస్తాయా, బకెట్‌తో తెచ్చిస్తారా? గది వేడి దేనితో? రాత్రి పైపుల్లో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి కుళాయిని సన్న ధారగా వదిలి ఉంచమంటారు, ఆ మాట వినండి. రేకు పొయ్యికి పొగగొట్టం పెట్టి కట్టెలు కాల్చేదాన్ని బుఖారీ అంటారు. హాయిగా ఉంటుంది, కానీ కిటికీ ఒక వేలెడు తెరిచి ఉంచాలి, నిద్రపోయేముందు నిప్పు చల్లారనివ్వాలి. మూసిన గదిలో బొగ్గు కుంపటి పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం.

భోజనానికి దిగులు అక్కర్లేదు. కశ్మీరీలూ మనలాగే అన్నం తినేవాళ్లే, వాళ్ల మాటలో బత్త. హాఖ్ ఆకుకూర, నద్రూ అనే తామర తూడు కూర, రాజ్మా దొరుకుతాయి. టంగ్‌మర్గ్ బజారులో కాందుర్ అంటే రొట్టెలు కాల్చేవాడు. పొద్దున అక్కడ వేడి రొట్టె, గులాబీ రంగులో ఉండే నూన్ చాయ్ తప్పక రుచి చూడండి. అది ఉప్పు టీ, చక్కెర వెయ్యరు.

ఇక స్కీయింగ్. కొత్తవాళ్లు మైదానం అంచున ఉన్న చిన్న వాలుల్లోనే మొదలుపెట్టాలి. బూటు దగ్గరే సగం మంది పొరపడతారు. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేస్తే రక్తం ఆడక పాదం ఇంకా మొద్దుబారుతుంది. ఒక్కటే పొడవాటి ఊలు సాక్సు చాలు, థర్మల్ ప్యాంటు కొస బూటులోకి పోకూడదు. నిటారుగా నిలబడితే వేళ్లు ముందు అంచుకు తగలాలి, మోకాళ్లు వంచితే కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. స్కీ ఎక్కేముందు బూటు అడుగున అంటుకున్న మంచును గీకెయ్యండి, లేకపోతే బూటును స్కీకి బిగించే పట్టు (బైండింగ్) సరిగా పడదు. ముందు వేళ్లవైపు దూర్చి, మడమతో ‘ఖట్’ మని చప్పుడయ్యేదాకా తొక్కాలి. ఆ పట్టు ఎంత బిగువుండాలో మీ బరువు, అనుభవాన్ని బట్టి మారుతుంది. అద్దెకిచ్చేవాళ్లు బరువు అడగకపోతే మీరే చెప్పండి. మరీ బిగిస్తే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు మెలిపడుతుంది.

నేర్పేవాళ్లు ఎక్కువమంది టంగ్‌మర్గ్, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. గుల్మర్గ్‌లో హోటళ్లు, సైన్యం శిక్షణ కేంద్రమే ఎక్కువ, పనిచేసేవాళ్లు రోజూ కిందనుంచి వస్తారు. ఎండాకాలం గుర్రం నడిపినవాళ్లలో కొందరు చలికాలం మనుషుల్ని కూర్చోబెట్టి మంచు మీద చెక్క స్లెడ్జ్ బండి లాగుతారు. రేటు ముందే తేల్చుకోండి, రానూపోనూ కలిపేనా అని అడగండి, ఆపైన గీచిగీచి బేరమాడకండి. చలికాలంలో వాళ్ల తిండి ఆ మంచు మీదే. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున పోటీపడిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ టంగ్‌మర్గ్ ప్రాంతంవాడే. వాళ్ల నాన్నకు గుల్మర్గ్‌లో స్కీ సామాను దుకాణం ఉండేది. తీరికుంటే కేంద్ర పర్యాటక శాఖ ఇక్కడ నడిపే స్కీయింగ్ సంస్థ కోర్సులో చేరడం అన్నిటికన్నా మంచి దారి.

గొండోలా మొదటి దశ 1998లో మొదలైంది, నడుమ ఉన్న కొంగ్‌డోరి స్టేషన్ దాకా. 2005లో వచ్చిన రెండో దశ అఫర్వత్ అనే కొండ భుజం మీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. ఊరి ఎత్తు 2,650 మీటర్లే కాబట్టి తలనొప్పి, ఆయాసం వస్తాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లలు మొదటి దశతో ఆగడం మంచిది. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, దళారుల దగ్గర వద్దు. గాలి పెరిగితే రెండో దశ ఆపేస్తారు. అందుకే దాన్ని మొదటి రోజుకే పెట్టుకోండి, ఆగినా మిగతా రోజులుంటాయి. పైన చదును చేసిన వాలు ఉండదు, గైడ్ లేకుండా దిగకూడదు. 2023 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు చరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. పెట్రోలింగ్ వాళ్లు మూసిన వాలు వైపు అనుభవజ్ఞులు కూడా వెళ్లకూడదు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నానికే పెట్టుకోండి, ఎండ తగ్గగానే కరిగిన మంచు రోడ్డు మీద అద్దంలా గడ్డకడుతుంది. గుల్మర్గ్ నుంచి నేరుగా విమానం ఎక్కేలా కాకుండా, శ్రీనగర్‌లో ఒక రోజు చేతిలో ఉంచుకోండి. మంచు గట్టిగా పడితే ఆ విమానాశ్రయంలో ఒక్కోసారి రోజంతా విమానాలు ఎగరవు.