మల్టీకోరర్ రివ్యూ: సముద్రం అడుగు బురదని చెదరకుండా పైకి తెచ్చే మెషీన్

మల్టీకోరర్ వాడేవాళ్లే చాలా తక్కువమంది కాబట్టి దీని మీద రివ్యూలు దొరకవు, దొరికేదల్లా కంపెనీ బ్రోషరే. నేను మూడు క్రూజుల్లో, అంటే రీసెర్చ్ ఓడ ప్రయాణాల్లో, డెక్ మీద దీని పక్కనే నిలబడ్డా, దీని ట్యూబుల్లోంచి వచ్చిన బురదని ఏళ్ల తరబడి మైక్రోస్కోప్ కింద పెట్టుకుని కూర్చున్నా, అందుకే రాస్తున్నా. మెయోఫౌనా మీద కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని ఆశ. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే దాదాపు అన్నిటికీ మూలం ఒకే డిజైన్. ముందే చెప్పేస్తా, ఐదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు కోసేశానో కింద చెప్తా.

మెయోఫౌనా అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. ఒక మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయి, 32 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ మీద ఆగిపోయే బుల్లి జంతువులు. ఈ సైజు జీవులకి మెయోబెంథాస్ అని విడిగా పేరు పెట్టింది మాలీ మేర్, 1942లో. వీటిలో నెమటోడ్లదే రాజ్యం, అంటే పొలాల్లో వేర్లకి పట్టే నులిపురుగులకి చుట్టాలు, లోతు సముద్రంలో అయితే లెక్కపెట్టిన జంతువుల్లో పదికి ఎనిమిదో తొమ్మిదో ఇవే ఉంటాయి. తర్వాత హార్పాక్టికాయిడ్ కోపెపాడ్లు, అంటే రొయ్యలకి దూరపు చుట్టాలు, ఇంకా ఆస్ట్రకాడ్లు, కైనోరింక్‌లు, టార్డిగ్రేడ్లు లాంటి బుల్లి జంతువుల గుంపులు, అదృష్టం ఉంటే అరుదైన లోరిసిఫెరాలు. లోతు సముద్రంలో ఇవి ఉండే చోట ఎండ పడదు, నీళ్లు ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్యలో ఉంటాయి, ఐదు వేల మీటర్ల లోతులో అయితే మన మీద ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు ఐదొందల రెట్లు. తిండి మొత్తం పైనుంచి రాలిపడేదే, చచ్చిన నాచు, జంతువుల మలం, జిగురు అన్నీ ముద్దలు కట్టి మంచులా దిగుతాయి, పైన తయారైన దాంట్లో నూటికి ఒక వంతు కూడా కిందికి చేరడం కష్టం. ఆ చేరిన కాస్తా ఎక్కడ పడుతుంది? బురద మీద, పైపైన. అందుకే జంతువుల్లో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు సెంటీమీటర్లలోనే ఉంటాయి, ఐదు సెంటీమీటర్లు దాటాక బాగా పలచబడిపోతాయి.

ఇప్పుడు ఈ మెషీన్ ఎందుకు గొప్పదో ఇక్కడే అర్థమవుతుంది. మనకి కావలసింది బురదలో పై పొర, అదేమో ముట్టుకుంటే లేచిపోయే మెత్తటి నూగు, గోధుమరంగు దూదిలా ఉంటుంది. బరువైన పెట్టెని దాని మీదకి దింపామా, పెట్టె ముందు తోసుకొచ్చే నీళ్లే ఆ నూగుని పక్కకి ఊదేస్తాయి, పెట్టె దిగేసరికి కావలసింది ఎగిరిపోయి ఉంటుంది. బాక్స్ కోరర్‌తో ఉన్న గొడవ ఇదే. పెద్ద జంతువులు కావాలంటే బాక్స్ కోరర్ మంచిదే, ఒక్కసారికి పావు చదరపు మీటరు అడుగు తెస్తుంది, కానీ మెయోఫౌనాకి మాత్రం నేను వద్దంటా. 1994లో రెండిటినీ పోల్చిన స్టడీ ఒకటి వచ్చింది, వాడే పరికరాన్ని బట్టి లెక్క మారిపోతుందని అందులో స్పష్టంగా చూపించారు.

మల్టీకోరర్‌కి ముందు 1965లో క్రెయిబ్ అనే ఆయన ఒంటి ట్యూబ్‌తో చేసిన కోరర్ ఉంది. అదే ఐడియా తీసుకుని 1984లో స్కాట్లండ్ వాళ్లు బార్నెట్, వాట్సన్, కనెల్లీ కలిసి ఒకే ఫ్రేములో పన్నెండు ట్యూబులు పెట్టి చూపించారు. పని చేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. బయట సాలెపురుగు కాళ్లలా పెద్ద ఫ్రేము, లోపల ట్యూబులు బిగించిన బరువైన తల, ఆ రెండిటి మధ్య ఒక హైడ్రాలిక్ డాంపర్. ఫ్రేము కాళ్లు అడుగున ఆనగానే తాడు వదులవుతుంది, అప్పుడు తల కిందికి దిగడం మొదలుపెడుతుంది, కానీ డాంపర్ దాన్ని పడనివ్వదు, నెమ్మదిగా దించుతుంది. రెండు కొసలూ తెరిచి ఉన్న ట్యూబులు కాబట్టి నీళ్లు లోపలినుంచి హాయిగా పైకి పోతాయి, ఊదేయడం అన్న మాటే లేదు. మళ్లీ తాడు లాగగానే పైన మూత, కింద తలుపు పడిపోతాయి. ఇందులో బ్యాటరీ లేదు, మోటార్ లేదు, బరువూ డాంపరూ రెండే చేసే పని, అందుకే చెడిపోతే డెక్ మీద స్పానర్‌తోనే బాగుచేసుకోవచ్చు, ఇది నాకు చాలా పెద్ద ప్లస్.

మొదటిసారి పైకొచ్చిన ట్యూబ్ ఇంకా గుర్తుంది. డెక్ మీద ఎండ మండిపోతోంది, ట్యూబేమో బయటంతా చెమట పట్టింది, అరచేతులు పెట్టి పట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలాగా వేళ్లు జివ్వుమన్నాయి, సముద్రం అడుగు చలి అట్లాగే పైకొచ్చేసింది. లోపల కింద సగం చాక్లెట్ రంగు బురద, పైన ఒక జానెడు నీళ్లు, ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే వెనక నిలబడ్డ వాళ్ల గ్లౌజు మీది గీతలు కనిపిస్తున్నాయి. ఆ తేటనీళ్లకీ బురదకీ మధ్య ఆ నూగు పొర చెదరకుండా ఉంది, దాని మీద ఏదో పురుగు పోయిన సన్నటి దారి కూడా. శాంపిల్ బాగుందా లేదా అనేది అదే చెప్తుంది, పై నీళ్లు తేటగా ఉంటే తీసుకో, మబ్బుగా ఉంటే పారెయ్యి. మా చీఫ్ సైంటిస్టు ఇందులో మాత్రం ఎవరి మాటా వినేవారు కాదు, "తేట లేదమ్మా, లెక్కలోకి రాదు" అనేవారు, మూడు గంటలు ఆగి తెచ్చుకున్నదైనా సరే.

అవును, మూడు గంటలు. ఐదు వేల మీటర్లకి వించి, అంటే తాడు చుట్టే యంత్రం, నిమిషానికి అరవై మీటర్ల చొప్పున వదిలితే దిగడానికే గంటన్నర దగ్గర, మళ్లీ రావడానికి అంతే, పైగా చివరి యాభై మీటర్లలో వేగం బాగా తగ్గించాలి. ఆ చివరి యాభై మీటర్లే మొత్తం వ్యవహారం. వించి ఆపరేటర్‌తో మంచిగా ఉండండి, టీ ఇవ్వండి, ఎందుకు నెమ్మదిగా దించాలో కూర్చోబెట్టి చెప్పండి, మెషీన్ ఎంత మంచిదైనా ఆయన చేతిలోనే ఉంది.

ఇక తగ్గించిన అర సంగతి. కెరటాలు ఎక్కువగా ఉంటే ఓడ లేచి పడుతుంటుంది, ఫ్రేము అడుగున ఒకసారి ఆని మళ్లీ లేచి మళ్లీ పడుతుంది, ఇంక ట్యూబులు సగం ఖాళీ. ఒక రాత్రి వరసగా రెండుసార్లు పన్నెండింటికి మూడే వచ్చాయి, అవీ మబ్బుగా. మాంగనీసు నాడ్యూల్స్, అంటే అడుగున పడి ఉండే లోహాలున్న రాళ్లు, ఉన్న చోట ఇంకా కష్టం, బంగాళదుంపంత రాయి ట్యూబ్ అంచుకి అడ్డం పడితే ట్యూబ్ దిగదు, లేదా కింది తలుపు మూసుకోదు, పైకొచ్చే దారిలో బురదంతా జారిపోతుంది. మరీ మెత్తటి బురద అయితే తల మొత్తం దిగబడిపోయి ట్యూబు నిండా బురదే, పైన నీళ్లకి చోటే ఉండదు, అప్పుడు సీసం బరువులు తీసేసి మళ్లీ పంపాలి. బ్రోషర్లో బరువులు ఎన్ని పెట్టాలో ఒక్క లైను కూడా ఉండదు, ప్రతి చోటా మొదటి డ్రాప్, అంటే మొదటిసారి దింపింది, పోగొట్టుకునే నేర్చుకోవాలి.

ఇంకో విషయం, ఇది మెషీన్ తప్పు అనను కానీ మెషీన్ వల్ల జనం చేసే తప్పు. పన్నెండు ట్యూబులు వచ్చాయి కదా అని పన్నెండు శాంపిళ్లు అని రాసేస్తారు. కాదండీ, అన్నీ ఒకే చోట ఒక మీటరు లోపల దిగినవి, ఒక డ్రాప్ అంటే ఒకటే శాంపిల్. నిజంగా మూడు రెప్లికేట్లు, అంటే విడివిడి శాంపిళ్లు, కావాలంటే మూడుసార్లు దింపాలి, అంటే తొమ్మిది గంటలు. ఓడ టైము దొరకదని నాకూ తెలుసు, అయినా సరే. మిగతా ట్యూబులు వేస్టేమీ కాదు, ఒకటి జంతువులకి, ఒకటి ఆర్గానిక్ కార్బన్‌కి, ఒకటి రేణువుల సైజుకి, ఒకటి డీఎన్ఏకి, ఒకే చోటి బురద ఇన్ని రకాలుగా చూడగలగడం ఈ మెషీన్‌తో బాగా కుదురుతుంది.

పైకొచ్చాక పని చాలానే ఉంది, అది తొందరగా చెప్పేస్తా. ట్యూబ్‌ని పిస్టన్ మీద పెట్టి కింద నుంచి తోస్తూ సెంటీమీటరు చొప్పున ముక్కలు కోయాలి, ఫార్మలిన్‌లో వేయాలి, రోజ్ బెంగాల్ రంగు కలిపితే జంతువులు గులాబీ రంగులోకి తిరుగుతాయి. ల్యాబ్‌లో జల్లెడ పట్టి, లూడాక్స్ అనే చిక్కటి సిలికా ద్రావణంలో కలిపి సెంట్రిఫ్యూజ్ తిప్పితే బురద కిందికి, జంతువులు పైకి. పెంకున్న ఫొరామినిఫెరాలు (ఒకే కణం ఉన్న జీవులు) మాత్రం తేలవు, అవి కావాలంటే కింద మిగిలిన మడ్డి కూడా చూడాల్సిందే. తర్వాత గళ్లు గీసిన గిన్నెలో పోసి ఒక్కోటీ లెక్కపెట్టాలి, వెంట్రుకలాంటి గులాబీ దారాలు, నెమటోడ్లు, వరసగా వందలకొద్దీ. మధ్యలో ఒక కోపెపాడ్ కనిపిస్తుంది, తోక దగ్గర గుడ్ల సంచి మోసుకుంటూ, ఐదు వేల మీటర్ల కింద చీకట్లో పిల్లల కోసం సంచి కట్టుకున్న తల్లి. ఎన్నిసార్లు చూసినా అక్కడ చెయ్యి ఆగిపోతుంది నాకు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఇప్పుడు ఈ అడుగు మీద అందరి కన్నూ పడింది. పసిఫిక్‌లో క్లారియన్ క్లిప్పర్టన్ జోన్‌లో నాడ్యూల్స్ వెతకడానికి (ఎక్స్‌ప్లొరేషన్) కాంట్రాక్టులు ఉన్నాయి, మన దేశానికి కూడా హిందూ మహాసముద్రం మధ్యలో నాడ్యూల్స్ ఏరియా ఉంది. తవ్వే ముందు అక్కడ ఏముందో సర్వే చేయాలి, అందులో మెయోఫౌనా లెక్క కూడా ఉంటుంది. క్లారియన్ క్లిప్పర్టన్‌లో 1978లో టెస్టు కోసం గీకిన ఒక దారిని 26 ఏళ్ల తర్వాత 2004లో వెళ్లి చూస్తే గీత అట్లాగే ఉంది, అందులో నెమటోడ్లు పక్క బురదలో కంటే సంఖ్యలోనూ రకాల్లోనూ తక్కువే ఉన్నాయి. అక్కడ బురద పేరుకునేది వెయ్యేళ్లకి కొన్ని మిల్లీమీటర్లు, మనం గీకేసిన పొర మళ్లీ రావాలంటే ఎన్ని తరాలు కావాలో మీరే లెక్కేసుకోండి. అందుకే ముందు తీసే శాంపిల్‌లో పై పొర ఊడిపోయి ఉంటే, "ఇక్కడ ఏమీ పెద్దగా లేవు" అని తప్పుడు లెక్క ఫైల్లోకి ఎక్కుతుంది, ఆ మీద ఎవరూ దాన్ని సరిచేయలేరు. నాకు ఈ మెషీన్ మీద ఇంత పట్టుదల దీనివల్లే.

కొనేవాళ్లకి, అద్దెకి తెచ్చుకునేవాళ్లకి రెండు మాటలు. మూతల రబ్బర్లు స్పేర్‌లో పెట్టుకోండి, ముందుగా పోయేవి అవే, రబ్బరు పట్టు వదిలితే పైకొచ్చేసరికి నీళ్లు కారిపోతాయి. ట్యూబులు కూడా ఎక్కువ తీసుకోండి, గీతలు పడ్డ అక్రిలిక్‌లోంచి తేట కనపడదు. డాంపర్ ప్రతి క్రూజుకీ ముందు ఒడ్డు మీదే వేలాడదీసి, ఎన్ని సెకన్లలో దిగుతుందో చూసుకోండి.

ట్యూబ్ పైన ఉండే ఆ జానెడు నీళ్లు మాత్రం పారబోయకండి. మేము మొదటి క్రూజులో పారబోశాం, ఆ తప్పు ఇప్పటికీ బాధిస్తుంది. రెండో క్రూజు నుంచి ఆ నీళ్లని కూడా 32 మైక్రాన్ల జల్లెడలోంచి పోసి మొదటి సెంటీమీటరుతో కలపడం మొదలుపెట్టాం. లోరిసిఫెరాలని సైన్సు మొదటిసారి వర్ణించింది 1983లో, క్రిస్టెన్సెన్, అంటే అంత పెద్ద గుంపుకి గుంపే అప్పటిదాకా మన కంట పడలేదు, ఆ తర్వాత ఐదేళ్లకే 8,260 మీటర్ల లోతు బురదలో కూడా ఒక రకం ఉందని తెలిసింది. నా మొదటి లోరిసిఫెరా అట్లా పోసిన నీళ్లలోనే దొరికింది, మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా లేదు, మడతలు పెట్టిన పూలకుండీలా ఒళ్లు, మెడ దగ్గర ముళ్ల గుత్తి సగం బయటికి, సగం లోపలికి. స్లైడ్ మీద పెట్టేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టుకున్నా, ఎక్కడ ఎగిరిపోతుందోనని.