గర్భిణికి నిద్రమాత్ర అలవాటై ఉంటే: వెంటనే మానడమా, తగ్గించుకుంటూ రావడమా, వేరేదానికి మారడమా – ఏది మేలు?

గర్భం నిలిచిందని తెలిసిన రోజు, అప్పటికే నిద్రమాత్రకు అలవాటు పడిన స్త్రీ సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తుంది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో ఆ రాత్రే మాత్రల స్ట్రిప్పును చెత్తబుట్టలో వేస్తుంది. లేదంటే ఇన్నాళ్లూ వేసుకున్నదే కదా అని సర్దిచెప్పుకుని, డాక్టరుకు చెప్పకుండా కొనసాగిస్తుంది. ఈ రెండూ కాక మరో రెండు దారులు ఉన్నాయి. ఒకటి సురక్షితమని పేరున్న మరో మందుకో మూలికకో మారడం, రెండోది వైద్యుల పర్యవేక్షణలో మోతాదును మెల్లగా తగ్గించుకుంటూ రావడం. నాలుగింటిలో ఏది మేలో తేల్చేది మాత్ర పేరు ఒక్కటే కాదు. దాన్ని వారానికి ఎన్ని రాత్రులు, ఎన్ని నెలలుగా, ఎంత మోతాదులో వేసుకుంటున్నారన్నది అంతకన్నా ముఖ్యం. మొదటి చెకప్‌లోనే డాక్టరు ముందు పెట్టవలసిన సమాచారం ఇదే, సాధారణంగా దాచేది కూడా ఇదే.

నెలకు ఒకటి రెండు సార్లు, ప్రయాణంలోనో పరీక్షల ముందో మాత్ర వేసుకున్నవారికి పెద్ద సమస్య లేదు. వారు మానేయవచ్చు, మహా అయితే ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడుతుంది. ఆల్ప్రజోలం, క్లోనజెపాం, లోరజెపాం వంటి బెంజోడయాజెపీన్ మందులను నెలల తరబడి రోజూ వాడినవారి సంగతి వేరు. మెదడు ఆ మందు ఉంటుందన్న లెక్కతోనే పనిచేయడం మొదలుపెట్టి ఉంటుంది కాబట్టి, ఒక్కసారిగా ఆపితే మునుపటి కన్నా ఘోరమైన నిద్రలేమి, ఆందోళన, చేతుల వణుకు, చెమటలు మొదలై, కొందరిలో మూర్ఛల దాకా వెళుతుంది. ఒంట్లో మందు సగానికి తగ్గడానికి ఆల్ప్రజోలానికి సుమారు 11 గంటలు, క్లోనజెపాంకు 30 నుంచి 40 గంటలు పడుతుంది కాబట్టి, ఒకరికి మరునాడే మొదలైన బాధ మరొకరికి కొన్ని రోజుల తరవాత గాని తెలియదు. 20 వారాలు దాటిన గర్భిణికి మూర్ఛ వస్తే అది గర్భంలో బీపీ పెరగడం వల్ల వచ్చే గుర్రపువాతమా, మందు ఆపడం వల్ల వచ్చిందా అన్నది తేల్చుకోవడం వైద్యులకు అత్యవసర సమస్య అవుతుంది. ఇంటివారికి మాత్ర సంగతి తెలియకపోతే ఆ సమస్య మరింత చిక్కుపడుతుంది.

తెలంగాణకు ఈ అనుభవం కొత్త కాదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, కల్లులో కలిపిన ఆల్ప్రజోలం, డయాజెపాం ఒక్కసారిగా దొరకక వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో ఎందరో ఆసుపత్రుల్లో చేరారు. కల్లు కాంపౌండులోని మందుకూ మెడికల్ షాపులోని మందుకూ ఈ విషయంలో తేడా లేదు. కల్లు తాగేవారిది దురలవాటు, తమది వైద్యం అనుకునే మధ్యతరగతి నమ్మకం ఒంటికి తెలియదు.

అయితే మాత్రను యథాతథంగా కొనసాగించడం మేలా? ఇక్కడ భయం కొంత పాతది, కొంత నిజమైనది. ఈ మందుల వల్ల గ్రహణం మొర్రి వస్తుందన్న అనుమానం పాత అధ్యయనాల నుంచి వచ్చింది. తరవాతి పెద్ద అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. గర్భస్రావంతో సంబంధం ఉన్నట్టు 2019లో కెనడాలోని క్విబెక్ సమాచారంతో వచ్చిన అధ్యయనం సూచించింది గాని, అసలు మందు వాడవలసి వచ్చిన ఆందోళననూ నిద్రలేమినీ మందు ప్రభావం నుంచి పూర్తిగా విడదీయడం ఇలాంటి అధ్యయనాలకు కష్టం. స్పష్టంగా తెలిసిన ప్రమాదం చివరి నెలలది. కాన్పు దగ్గరలో ఎక్కువ మోతాదు వాడితే పుట్టిన బిడ్డ ఒళ్లు మెత్తబడి, పాలు సరిగా లాగక, శ్వాస నెమ్మదించవచ్చు. లేదా కొన్ని రోజులపాటు చిరాకుగా, వణుకుతూ ఉండవచ్చు. మరో రకం నిద్రమాత్ర అయిన జోల్పిడెం విషయంలో ఇంకో చిక్కు ఉంది. స్త్రీల ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుందని గుర్తించిన అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో స్త్రీలకు మామూలు మాత్ర మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమంది. నిద్రలోనే లేచి తిరగడం వంటి ప్రమాదాల గురించి 2019లో ఘాటైన హెచ్చరికను చేర్చింది. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే నిండు గర్భిణి మగతలో బాత్రూంలో జారిపడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆల్ప్రజోలం, జోల్పిడెం మన దేశంలో 2014 నుంచి హెచ్1 షెడ్యూలులో, అంటే అమ్మకంపై గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో ఉన్నాయి. చీటీ చూసి, డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు ఉంచితే గాని దుకాణదారు అమ్మకూడదు. తెలిసిన షాపతను చీటీ అడగకుండా ఇస్తున్నాడంటే అది సౌకర్యమని సంతోషించవలసిన విషయం కాదు.

ఇక మూడో దారి, వేరేదానికి మారడం. దీన్ని ఎక్కువమంది కోరుకుంటారు, నా దృష్టిలో దీనిమీదే ఆశ ఎక్కువ, ఫలితం తక్కువ. వీటిలో కాస్త నమ్మదగినది డాక్సిలమిన్. వేవిళ్లకు బి6 విటమిన్‌తో కలిపి మన డాక్టర్లు రాసే మాత్రలో ఉండేది ఇదే. ఇదే కలయికను అమెరికాలో 1983లో దావాల కారణంగా కంపెనీ ఉపసంహరించుకుంది. బిడ్డకు హాని లేదని అధ్యయనాలు తేల్చడంతో 2013లో మళ్లీ అనుమతి వచ్చింది. గర్భిణుల్లో ఇంతగా పరిశీలించిన మందులు తక్కువ. వేవిళ్లూ నిద్రలేమీ కలిసి ఉన్న మొదటి మూడు నెలల్లో ఇది ఒకే మాత్రతో రెండు పనులు చేస్తుంది. కానీ మగత కలిగించే దాని గుణం కొద్ది రోజుల్లోనే పలచబడుతుంది. అన్నిటికీ మించి, బెంజోడయాజెపీన్ ఆపినప్పుడు వచ్చే మూర్ఛలను ఇది ఆపలేదు. ఆల్ప్రజోలం మానేసి దీన్ని వేసుకుంటే సరిపోతుందనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు.

నిద్రవేళను నడిపించే హార్మోను మెలటోనిన్ ఒంట్లో సహజంగా ఉండేదే కాబట్టి హాని లేదన్న వాదన వినిపిస్తుంది. అది మావిని దాటి బిడ్డను చేరుతుంది, బయటినుంచి తీసుకునే మోతాదుల విషయంలో గర్భిణులకు భరోసా ఇచ్చేంత సమాచారం లేదు. అశ్వగంధ గర్భిణులు వాడకూడనిదిగా పరిగణించవలసిన మూలిక. ఆయుర్వేదమే కదా అని ఆన్‌లైన్‌లో తెప్పించుకునే గమ్మీలకూ ఇదే వర్తిస్తుంది. కూరలో వేసే గసగసాలు, పాలలో చిటికెడు జాజికాయ వంటింటి మోతాదులో ఉన్నంతవరకు సరే గాని, నిద్ర కోసమని చెంచాల లెక్కన పెంచితే జాజికాయ విషమవుతుంది. గోరువెచ్చని పాలు మాత్రం నిశ్చింతగా తాగవచ్చు.

నాలుగో దారికి వచ్చేముందు, నిద్ర ఎందుకు పట్టడం లేదో చూడాలి. చాలా మాత్రలు ఈ ప్రశ్న అడగకపోవడం వల్లే మొదలవుతాయి. మంచం ఎక్కగానే కాళ్లు లాగుతూ, కదిలిస్తే గాని ఊరట కలగకపోతే అది ఇనుము లోపానికి సంబంధించిన కాళ్ల అసహనం కావచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది కాబట్టి, హిమోగ్లోబిన్‌తోపాటు, ఒంట్లో ఇనుము నిల్వను తెలిపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించమని అడగడం సబబు. ఇనుము మాత్రను ఇరానీ చాయ్‌తో కలిపి మింగితే అందులో చాలా భాగం ఒంటికి పట్టదు. పైగా రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ హద్దును చాయ్, కాఫీ, కూల్‌డ్రింకు కలిసి తేలిగ్గా దాటిస్తాయి. రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని పదకొండుకు పడుకుంటే వచ్చే ఛాతీ మంటకు నిద్రమాత్ర మందు కాదు. కొత్తగా గురక మొదలై, బీపీ కూడా పెరుగుతుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూడాలి, ఆ పరిస్థితిలో మత్తుమందు మరింత చేటు. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగినికి షిఫ్టు మార్పించుకోవడమే మొదటి చికిత్స కావచ్చు.

రోజూ మాత్ర వాడుతున్నవారికి నేను మేలని చెప్పేది నాలుగో దారినే: మోతాదు తగ్గింపునూ, నిద్ర కోసం చేసే సీబీటీ చికిత్సనూ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే, మందులు లేని చికిత్స) జోడించడం. అమెరికా వైద్య సంఘాలు కలిసి 2025లో ఇచ్చిన మార్గదర్శకాలు బెంజోడయాజెపీన్‌ను రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో మొదలుపెట్టమని, రెండు వారాల్లో 25 శాతానికి మించవద్దని చెబుతున్నాయి. చేతిలో 0.25 మిల్లీగ్రాముల మాత్ర పెట్టుకుని పదో వంతు కోయడం ఎవరివల్లా కాదు. రాత్రికి రెండు మాత్రలు వేసుకునే స్త్రీ ఒకదాంట్లో పావు తీసేస్తే అది 12.5 శాతం తగ్గినట్టు. ఇలాంటి లెక్కలు సైకియాట్రిస్టు వేయాలి, గైనకాలజిస్టుకు తెలియాలి. ఎక్కువసేపు నిలిచే మందుకు మార్చి తగ్గించే పద్ధతి ఇతర రోగుల్లో ఉంది గాని, అలాంటి మందు బిడ్డ ఒంట్లో పేరుకునే వీలుంది కాబట్టి గర్భిణికి అది యాంత్రికంగా చేయదగింది కాదు. అయిదో నెలలో బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్ నాటికి మొదలుపెట్టినవారికి చివరి నెలల లోపు చాలావరకు తగ్గించుకునే వ్యవధి ఉంటుంది. ఎనిమిదో నెలలో మొదలుపెడితే పూర్తిగా మానడం కన్నా వీలైనంత తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోవాలి.

సీబీటీ అంటే ధైర్యవచనాలు కాదు. నిద్ర పట్టినా పట్టకపోయినా ఒకే వేళకు లేవడం, నిద్ర వస్తేనే మంచం ఎక్కడం, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదికి వెళ్లడం, మంచం మీద గడిపే గంటలను అసలు నిద్రపోయే గంటలకు దగ్గరగా తేవడం దీని పద్ధతి. గర్భిణికి ఆ చివరిదాన్ని సడలించి చేస్తారు. అమెరికాలో 194 మంది గర్భిణులతో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం మందికి నిద్రలేమి తొలగింది. పోలిక కోసం వేరే తరహా సిట్టింగులు పొందినవారిలో అది 52 శాతం. తేడా బ్రహ్మాండమైనది కాదని ఒప్పుకోవాలి, కానీ ఇందులో బిడ్డకు చేరే మందు ఏదీ లేదు. మన ఇళ్లలో దీనికి అడ్డంకి మందు కన్నా మనుషులే. రెండు గదుల ఫ్లాటులో అర్ధరాత్రి హాల్లోకి వస్తే అత్తగారు లేచి "ఏమైందమ్మా, నొప్పులా?" అంటారు, మధ్యాహ్నం "తిని కాసేపు పడుకో తల్లీ" అని ప్రేమతో పడుకోబెట్టిన రెండు గంటలు రాత్రి నిద్రలోంచి పోతాయి. డాక్టరు దగ్గరికి ఇంటివారిలో ఒకరిని వెంట తీసుకెళ్తే ఈ నియమాలు తానే వివరించే బాధ గర్భిణికి తప్పుతుంది.

ఒక సందర్భంలో నా తీర్పు మారుతుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, బతకాలని లేదన్న ఆలోచన ఉంటే అది నిద్ర సమస్య కాక డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ముందు దానికి వైద్యం జరగాలి, నిద్రమాత్ర తగ్గింపు ఆగవచ్చు, కొద్దికాలం తక్కువ మోతాదులో కొనసాగించడమే మేలు కావచ్చు. ఎర్రగడ్డలోని మానసిక వైద్యాలయం, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇందుకు పనికివస్తాయి.

సీమంతం అయ్యాక కాన్పుకు కరీంనగర్‌కో గుంటూరుకో పుట్టింటికి వెళ్లేవారు హైదరాబాద్ డాక్టరు చేత ఒక కాగితం రాయించుకోవాలి. మందు పేరు, మొదట ఎంత వాడారు, ఇప్పుడు ఎంతకు వచ్చారు, తరవాతి తగ్గింపు ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. దాన్ని కాన్పు చేసే డాక్టరుకు, మత్తు ఇచ్చే డాక్టరుకు, పిల్లల డాక్టరుకు చూపించాలి. బిడ్డ శ్వాసనూ, పాలు తాగే తీరునూ మొదటి కొన్ని రోజులు ప్రత్యేకంగా గమనించాలో లేదో, తల్లి పాలివ్వడానికి ఆ మోతాదు అడ్డమో కాదో వారు దాన్నిబట్టే నిర్ణయిస్తారు. మాత్ర ఇంకా కొద్దిగా వాడుతున్న రాత్రుల్లో బాలింత, బిడ్డను పక్కలో వేసుకుని నిద్రపోకూడదు. ఆ పూటకు ఉయ్యాల బాధ్యతను అమ్మమ్మ తీసుకోవాలి.