సీఈఓ మాట ఎవరు రాయాలి: సొంత మనిషా, ఏజెన్సీయా?

బెంగళూరు ఫౌండేషన్లలో, ట్రస్టుల్లో పనిచేసే మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఈ మధ్య ఒకటే ప్రశ్న. "మా సీఈఓ గారి ప్రసంగాలు, లింక్డ్‌ఇన్ పోస్టులు, బోర్డుకి నోట్లు, పేపర్లకి వ్యాసాలు, ఇవన్నీ చూడ్డానికి ఒక మనిషిని పెట్టుకోమంటారా, ఏజెన్సీకి ఇచ్చెయ్యమంటారా?" నేను చేసేది ఈ పనే కాబట్టి నన్నడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా.

ముందు డబ్బు సంగతి. అందరూ అక్కడే మొదలెడతారు కానీ, నా లెక్కలో అది తేల్చే విషయం కాదు. ఏజెన్సీకి నెలనెలా కట్టే ఫీజు (రిటైనర్) మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది. కంపెనీ అయితే దాన్ని తను కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకుని, ఇన్‌పుట్ క్రెడిట్ కింద సర్దుకుంటుంది. గ్రాంట్లివ్వడమే పనిగా ఉన్న ట్రస్టుకి సర్దుకోవడానికి అటువైపు పన్నే ఉండదు, అదంతా చేతి ఖర్చే. ఈ రెండూ కాక విడిగా రాసిచ్చే ఫ్రీలాన్సర్‌ని పెట్టుకుంటే, వాళ్ల ఏడాది రాబడి 20 లక్షలు దాటకపోతే జీఎస్‌టీ గొడవ లేదు, టీడీఎస్ కోసి ఇచ్చేస్తే సరి. విదేశీ నిధులు తీసుకునే సంస్థలకి ఇంకో మెలిక ఉంది. విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏకి 2020లో చేసిన సవరణ, ఆ నిధుల్లో పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. జీతమిచ్చినా బిల్లు కట్టినా ఆడిటర్ చూపు దాని మీద పడకుండా ఉండదు. కాబట్టి ఖర్చు చూసి ఇటా అటా అని తేల్చుకోవడం కుదరదు.

ఏజెన్సీని తీసిపారేయడానికి లేదు. వాళ్ల దగ్గర రిపోర్టర్ల నంబర్లుంటాయి, డిజైనర్లుంటారు. రాత్రి తొమ్మిదింటికి ఏదో వివాదం రేగితే నలుగురు కూర్చుని తెల్లారేసరికి ప్రకటన తయారుచేస్తారు. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో సభ పెట్టి పత్రికలవాళ్లను రప్పించడం ఒక్క ఉద్యోగి వల్ల అయ్యే పని కాదు. సొంత మనిషి సెలవు పెడితే పని ఆగుతుంది, ఏజెన్సీలో ఒకరు పోతే ఇంకొకరొస్తారు. (ఆ వచ్చినవాళ్లకి మళ్లీ మొదట్నుంచి అన్నీ చెప్పుకోవాలి, అది వేరే గోల.)

అయితే వీళ్లలో చాలామంది చేతులు తిరిగింది కంపెనీల పనిలో. కంపెనీ బాస్ స్టేజీ ఎక్కి గొప్పలు పోతే మర్నాడే కస్టమర్ తిడతాడు, షేర్‌హోల్డర్ నిలదీస్తాడు. దాతృత్వ సంస్థకి ఆ అదుపు లేదు. మన గ్రాంటు మీద నడిచే ఎన్జీవో, "సార్, ఆ పని మీరు కాదు, మేం చేశాం, అదీ సగమే అయింది" అని సీఈఓ మొహం మీద అనదు. వచ్చే ఏడాది రెన్యువల్ ఉంది కదా. బడిలో హెడ్మాస్టరూ అనడు, శాలువా కప్పి సాగనంపుతాడు. అంటే తప్పుమాట బయటికి రాకముందే పట్టుకోవాల్సిన భారం రాసే మనిషి మీదే పడుతుంది. ఆ మనిషి రాయచూరులోనో యాదగిరిలోనో ఉన్న ఫీల్డ్ కోఆర్డినేటర్‌కి నేరుగా ఫోన్ చేసి "నిజంగా ఎంతవరకొచ్చింది?" అని అడగగలగాలి. అవతలివాళ్లు భయపడకుండా చెప్పగలగాలి. ఏది మేలన్నది నాకు తేల్చేది ఈ ఒక్క ఫోనే.

ఏజెన్సీవాళ్లు ఆ ఫోన్ చెయ్యరు. చేసినా, పైనుంచి ఎవరో ఆరా తీస్తున్నారనుకుని అవతలివాళ్లు రిపోర్టులో ఉన్నదే మళ్లీ చదివి వినిపిస్తారు.

ఒక సంగతి చెప్తా. కర్ణాటక ప్రభుత్వ బడుల గురించి ఒక సీఈఓ మాట్లాడాల్సిన సభ. ఏజెన్సీ పంపిన డ్రాఫ్టు చదవడానికి ఎంతో బాగుంది. మధ్యలో ఒకచోట మాత్రం, చిన్న తరగతుల పిల్లలకి కార్డులతో, ఆటపాటలతో నేర్పే పద్ధతిని ఈ ఫౌండేషనే రాష్ట్రానికి తెచ్చిందన్నట్టు ఒక వాక్యం. ఆ పద్ధతి పేరు నలి-కలి. 1995లోనే మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో మొదలైంది. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీవాళ్లు పల్లె బడుల్లో నడిపే తీరు చూసొచ్చిన ప్రభుత్వ టీచర్లు, యూనిసెఫ్ సాయంతో దాన్ని తమ బడులకి తగ్గట్టు మలుచుకున్నారు. రేపు సభలో ముందు వరసల్లో కూర్చోబోయేది ఏళ్లుగా ఆ కార్డులతోనే పాఠం చెప్తున్న టీచర్లు! బడుల్లో పని నడిపించే ప్రోగ్రామ్ టీమ్‌లో పనిచేసి వచ్చిన ఒకావిడ ముందురోజు సాయంత్రం అది చూసి, ఆ వాక్యం కొట్టేసి, నలి-కలి గదుల్లో కూర్చుని ఫౌండేషన్‌వాళ్లు ఏం నేర్చుకున్నారో చెప్పేలా పేరా మొత్తం తిరగరాశారు. ఏజెన్సీని అనడానికీ పెద్దగా లేదు. వాళ్ల చేతికిచ్చిన పీపీటీలో ఫౌండేషన్ పని తప్ప ప్రభుత్వం పని లేనే లేదు.

మరి సొంత మనిషైతే చాలా? చాలదు. చాలాచోట్ల ఇది పేరు గొప్ప ఊరు దిబ్బ ఉద్యోగం. ఎగ్జిక్యూటివ్ కమ్యూనికేషన్స్ మేనేజర్ అని విజిటింగ్ కార్డు కొట్టించి, ఆహ్వాన పత్రాలు, వార్షిక నివేదిక ప్రూఫులు, దీపావళి గ్రీటింగులు చేయిస్తారు. లేదంటే ఫండ్‌రైజింగ్ హెడ్ కింద కూర్చోబెడతారు, ఇక ప్రతి మాటా దాత చెవికి ఇంపుగా వంగిపోతుంది. ఇంకో ప్రమాదం, నాలుగేళ్లు తిరిగేసరికి ఆ మనిషే సార్ అన్నదానికల్లా తలూపే మనిషైపోవడం. అందుకే ఈ పోస్టు నేరుగా సీఈఓ కిందే ఉండాలంటాను. ప్రోగ్రామ్ రివ్యూ మీటింగుల్లో కుర్చీ ఉండాలి, ప్రతి నెలా ఫీల్డ్‌కి వెళ్లే వీలుండాలి, "ఇది అనొద్దు సార్" అంటే సార్ వినాలి. ఆఖరిది అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిచ్చేది కాదు, అసలు టెన్షనంతా దాని దగ్గరే.

మనిషిని వెతికేటప్పుడు కూడా యాడ్ ఏజెన్సీలో కాపీ రాసినవాళ్ల కంటే, రాత ఓ మోస్తరుగా ఉన్నా ప్రోగ్రామ్‌లో నలిగినవాళ్లనే నేను తీసుకుంటా. ఇంగ్లీషు దిద్దడానికి బోలెడు మందున్నారు. కన్నడం చదవడం, రాయడం వస్తే మరీ మంచిది, జిల్లా అధికారులూ టీచర్లూ చదివేది అదే కాబట్టి.

ఫ్రీలాన్సర్ ఏడాదికి రెండు మూడు పెద్ద రాతలకి బాగా పనికొస్తారు, అది కూడా సీఈఓ ఎదురుగా కూర్చుని తీరిగ్గా మాట్లాడితేనే. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సీఈఓ అనురాగ్ బెహర్ ఏళ్ల తరబడి మింట్ పత్రికలో కాలమ్ రాస్తున్నారు. వాటిలో చాలావరకు ఏదో ఒక బడికో ఊరికో వెళ్లి అక్కడ చూసిన మనుషుల గురించే. పెద్దాయన ఊళ్లు తిరిగి చూసిందంటూ ఉంటే ఫ్రీలాన్సరైనా దాన్ని అందంగా కూర్చగలరు. ఏమీ చూడకపోతే ఎంత డబ్బు పోసినా వచ్చేది మంచి వాక్యాలే.

మిగతావి రెండు ముక్కల్లో. పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సమాజ సేవకి పెట్టాలన్న సీఎస్‌ఆర్ నిబంధన 2014 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక ఫౌండేషన్లు పెట్టిన కంపెనీలు చాలానే ఉన్నాయి. వాళ్లకి మాతృ కంపెనీ పీఆర్ టీమ్ ఉచితంగా దొరుకుతుంది, కానీ బడి గురించి రాసినా కొత్త ప్రొడక్ట్ విడుదలలాగే ఉంటుంది. చాట్‌బాట్ తొలి డ్రాఫ్టుకి సరే.

బడ్జెట్ చిన్నదైతే ప్రోగ్రామ్ టీమ్‌లోంచి ఒకరి సగం సమయం దీనికి రాసిచ్చేయండి, పెద్ద సభలప్పుడు మాత్రం ఏజెన్సీకి ఆ ఒక్క పనీ అప్పగించండి. కొత్తవాళ్లను తీసుకునేట్టయితే ఇంటర్వ్యూలో రాత పరీక్ష పెట్టకండి. మీ సంస్థ పాత ప్రసంగం ఒకటి చేతికిచ్చి, ఇందులో ఏ వాక్యం కోసం ఎవరికి ఫోన్ చేస్తారు, ఏమని అడుగుతారు అని అడగండి.